ఎల్4-ఎల్5 ఫ్యూజన్‌లో ఏ స్క్రూ గట్టిగా నిలుస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పేషెంట్‌ 68 ఏళ్ల ఆవిడ. నడుములో నాలుగో పూస (ఎల్4) దాని కింది ఎల్5 మీద ముందుకు జారింది, ఎముక గుల్లబారి ఉంది. టీలిఫ్ చేద్దామనుకుంటున్నారు, అంటే వెనక నుంచి డిస్క్ తీసి, అక్కడ కేజ్ అనే దిమ్మె పెట్టి, స్క్రూలూ రాడ్లతో రెండు పూసల్నీ ఒకటిగా కలిపే ఫ్యూజన్ ఆపరేషన్. కార్టికల్ ట్రాజెక్టరీ స్క్రూకి, అంటే ఎముక గట్టి పెంకుని (కార్టెక్స్) కరుచుకుంటూ దిగే సీబీటీకి, పూస వెనక ఉండే ఎముక కాడ (పెడికల్) గుండా వేసే మామూలు పెడికల్ స్క్రూ కన్నా 30 శాతం ఎక్కువ పట్టు ఉంటుందని చదివారు. అదే వేస్తే సరిపోతుందా, ఒక వైపు వేసి ఊరుకోవచ్చా, స్క్రూ చుట్టూ ఎముకలో సిమెంట్ పెట్టాలా అన్నవి మీ సందేహాలు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఈవిడకి ఒక వైపు చాలదు, రెండు వైపులా వేయండి. సీబీటీనా మామూలుదా అన్న తేడా మీరనుకుంటున్నంత పెద్దది కాదు. కేజ్ ఎక్కడ కూర్చుంది, దాని కింద ఎండ్‌ప్లేట్ ఎంత చెక్కుచెదరకుండా మిగిలింది అన్నవి అంతకంటే పెద్ద విషయాలు (ఎండ్‌ప్లేట్ అంటే డిస్క్‌ని ఆనుకున్న పూస పలక). సిమెంట్ సంగతి సీటీ చూసి తేల్చాలి. ఎందుకో చెప్పాలంటే ఆ 30 శాతం దగ్గరే మొదలుపెట్టాలి. ఆ అంకె మీ ఒక్కరినే కాదు, చాలామందిని దారి తప్పిస్తోంది.

అది 2009లో వచ్చిన కెడావర్ అధ్యయనంలోది, అంటే మృతదేహాల ఎముకల మీద చేసినది. వెన్నుపూసల్లో రెండు దారుల్లోనూ స్క్రూలు బిగించి, స్క్రూ పొడవు వెంట నేరుగా బయటికి లాగారు. సీబీటీ స్క్రూ లొంగిపోవడానికి 30 శాతం ఎక్కువ బలం పట్టింది. ఎక్కువమంది ఇక్కడికే చదివి ఆపేస్తారు. అదే అధ్యయనంలో స్క్రూ తలని పైకీ కిందికీ ఊపే పరీక్ష కూడా చేశారు. అందులో రెండు స్క్రూల మధ్యా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా దృష్టిలో ఆ పేపర్లో ఎక్కువ పనికొచ్చే ఫలితం ఈ రెండోదే.

గోడలో దిగిన మేకుని పీకాలంటే ఎవరూ నేరుగా లాగరు, ముందు అటూ ఇటూ ఆడించి వదులు చేస్తారు. నడుములో స్క్రూకి జరిగేదీ అదే. మనిషి ముందుకు వంగినప్పుడల్లా పై పూస ముందుకు ఒరగబోతుంది, రాడ్ దాన్ని ఆపుతుంది. ఆ పెనుగులాటంతా స్క్రూ తల దగ్గర, స్క్రూకి అడ్డంగా వచ్చే బలంగా మారుతుంది. స్క్రూ మధ్యభాగాన్ని పెడికల్ ఇరుకు గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి అదే ఊగుడుకి ఇరుసు అవుతుంది. తల ఒక పక్కకి కదిలితే మొన రెండో పక్కకి కదిలి పూస లోపలి స్పాంజి ఎముకని గీరుతుంది. ఒక్కసారి గీరితే ఏమీ కాదు. రోజుకి 5,000 అడుగులు నడిచే మనిషి ఏడాదికి 18 లక్షల సార్లు ఆ స్క్రూ మీద ఏదో ఒక మేరకు లోడ్ వేస్తుంది. ఇంప్లాంట్ల బెంచ్ టెస్టుకి వాడే ఏఎస్‌టీఎం ఎఫ్1717 ప్రమాణం 50 లక్షల సైకిళ్ల (లోడ్ వేసి తీసే విడతల) దాకా వెళ్లేది అందుకే. అయితే ఆ టెస్టులో స్క్రూలు ప్లాస్టిక్ దిమ్మెల్లో బిగించి ఉంటాయి. అది లోహం విరుగుతుందా లేదా అన్నదే చెబుతుంది, ఎముక పట్టు సడలుతుందా అన్నది చెప్పదు.

రివిజన్‌లో, అంటే మళ్లీ చేసే ఆపరేషన్‌లో, వదులైన స్క్రూని తీసేటప్పుడు ఈ సంగతి కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. సెట్ స్క్రూ విప్పి రాడ్ పైకెత్తగానే స్క్రూ తల వేలితో తాకితే కదులుతుంది. డ్రైవర్ పెట్టి తిప్పితే బిగువే ఉండదు, రెండు వేళ్లతో తిప్పితేనే వచ్చేస్తుంది. ఆ రంధ్రంలోకి ప్రోబ్ పంపితే గోడలు స్క్రూ మరల (చుట్ల) గుర్తుల్లేకుండా నునుపుగా, లోపల పలచని మెత్తటి పొరతో ఉంటాయి. పెడికల్ ఇరుకు దగ్గర రంధ్రం స్క్రూకి సరిపడా ఉంటుంది, లోపలికి వెళ్లేకొద్దీ వెడల్పవుతూ పోతుంది. మొన ఊగి ఊగి తొలిచిన ఖాళీ అది. దాన్నే మనం ఎక్స్‌రేలో స్క్రూ చుట్టూ నల్లటి గీతగా చూస్తాం. గీత 1 మి.మీ. దాటితే వదులైందంటాం. నేరుగా లాగితే స్క్రూ ఊడే తీరు వేరు. మరల మధ్య చిక్కుకున్న ఎముక కోసుకుపోయి, స్క్రూ ఆ ఎముక ముక్కలతో సహా బయటికొస్తుంది. రివిజన్‌లో ఆ దృశ్యం అరుదు.

కాబట్టి ఏ స్క్రూ గురించి చదువుతున్నా మూడు ప్రశ్నలు వేసుకోండి: బలం ఏ దిశలో ఇచ్చారు, ఎన్నిసార్లు ఇచ్చారు, ఎలాంటి ఎముకలో ఇచ్చారు.

సీబీటీకి ఈ మూడింటినీ పెట్టి చూడండి. 2014లో ఒక కెడావర్ అధ్యయనం స్క్రూలని పైకీ కిందికీ ఊపితే, 2 మి.మీ. కదలడానికి సీబీటీకే ఎక్కువ సైకిళ్లు పట్టాయి. 2016లో ఇంకొకరు ఎముక సాంద్రత తగ్గిన పూసల్లో అలసట పరీక్ష చేస్తే మామూలు పెడికల్ స్క్రూలే మెరుగ్గా నిలిచాయి. ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టు కనిపిస్తాయి గానీ, లోపలి మెకానిక్స్ చూస్తే రెండూ అర్థవంతమే. సీబీటీ పార్స్ (పూస వెనక పై, కింది కీళ్లని కలిపే సన్నని ఎముక) దగ్గర మొదలై లోపలి నుంచి బయటికీ, కింది నుంచి పైకీ పోతుంది. దారి పొడుగునా గట్టి కార్టికల్ ఎముకని పలుచోట్ల కరుచుకుంటుంది. అందుకే బిగించేటప్పుడు చేతికి ఆ టార్క్ (తిప్పేటప్పటి బిగువు) తెలుస్తుంది. కానీ మొదట్లో వాడిన సీబీటీ స్క్రూలు సన్నవి, పొట్టివి. 4.5 మి.మీ. వ్యాసం, 25 నుంచి 30 మి.మీ. పొడవు ఉండేవి. వాటి మొన పూస వెనక భాగంలోనే ఆగిపోతుంది. పూస ముందుభాగం ఒరగబోతే ఆపడానికి లోపల లీవర్ చేయి పొడవు చాలదు. ఆ తర్వాత వచ్చిన కంప్యూటర్ మోడల్ అధ్యయనాలు వ్యాసం 5.5 మి.మీ.కి, పొడవు 35 మి.మీ.కి తగ్గకుండా వేయమన్నది ఈ కారణంతోనే. మీరు వేస్తే ఆ కొలతల్లోనే వేయండి. పాత కొలతలతో వేసి కొత్త ఫలితాలు ఆశించొద్దు.

సీబీటీలో నాకు ఇంకో బెంగ ఉంది. దాని పట్టులో పెద్ద వాటా పార్స్, లామినాల (పూస వెనక పలకల) నుంచే వస్తుంది. టీలిఫ్‌లో మనం చేసేదేమిటి? పూసల వెనక కీలైన ఫాసెట్ జాయింట్‌ని మొత్తంగా తీసేస్తాం. ఉలి కొంచెం పైకి జరిగితే పార్స్ కూడా పోతుంది, స్క్రూ నమ్ముకున్న గోడ పోయినట్టే. పార్స్ ముందే విరిగిన లిథిక్ జారుడులో సీబీటీ వేయకూడదని నేను గట్టిగా అంటాను. మీ పేషెంట్‌ది అరుగుదలతో వచ్చిన జారుడు కాబట్టి పార్స్ నిలిచే ఉంటుంది. అయినా సీటీలో సాజిటల్ (పక్క నుంచి చూసే) కట్లు చూసి ఖాయం చేసుకోండి. పైగా సీబీటీ స్క్రూ తలలు మధ్యగీతకి దగ్గరగా ఉంటాయి. కండరాన్ని తక్కువ ఒలిచే వీలు దానివల్లే. కానీ రెండు రాడ్ల మధ్య దూరం తగ్గితే పక్కకి వంగే కదలికని ఆపడానికి దొరికే లీవర్ కూడా తగ్గుతుంది. ముందుకీ వెనక్కీ వంగే కదలికలో రెండు పద్ధతులూ ఇంచుమించు సమానంగా నిలుస్తాయి. తేడా అంటూ వస్తే పక్కకి వంగడంలో, మెలి తిరగడంలో వస్తుంది.

ఇక మామూలు పెడికల్ స్క్రూ. 1963లో ఫ్రాన్స్‌లో సర్జన్ రాయ్-కామీ దీన్ని ప్లేట్లతో వాడడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ల తర్వాత కూడా పట్టు లెక్క మారలేదు. 1992లో వచ్చిన ఒక అంచనా ప్రకారం మొత్తం పట్టులో దాదాపు 60 శాతం పెడికల్‌ నుంచే వస్తుంది. పూస లోపలి స్పాంజి ఎముక 15 నుంచి 20 శాతం, ముందు కార్టెక్స్ దాకా వెళ్తే ఇంకో 20 నుంచి 25 శాతం కలుపుతాయి. నడుములో ఆ ముందు గోడ అవతల పెద్ద రక్తనాళాలు ఉంటాయి కాబట్టి ఆ చివరి వాటా కోసం ఆశపడొద్దు. మిగిలింది పెడికల్. దాన్ని ఎంత బాగా నింపితే అంత మంచిది.

అందుకే పొడవు కన్నా వ్యాసం గురించి ఎక్కువ ఆలోచించమంటాను. వంగకుండా నిలిచే గుణం స్క్రూ లోపలి కాండం వ్యాసానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. కాండం 4 మి.మీ. నుంచి 5 మి.మీ. అయితే బిగువు సుమారు 2.4 రెట్లు అవుతుంది, విరగకుండా తట్టుకునే బలం దాదాపు రెట్టింపవుతుంది. ఒక్క మిల్లీమీటర్‌కి ఇంత లాభం! అలాగని పెడికల్‌లో పట్టనంత లావుది దూర్చొద్దు. పెడికల్ అడ్డుకొలతలో సుమారు 80 శాతం నింపితే చాలు. గుల్లబారిన ఎముకలో అంతకు మించితే పెడికల్ గోడ చిట్లుతుంది. అప్పుడు ఆ 60 శాతం వాటా మొత్తానికే పోతుంది. రంధ్రంలో మరలు కోసే ట్యాప్‌ని స్క్రూ కన్నా 1 మి.మీ. సన్నది వాడండి. రెండు స్క్రూల మొనలూ లోపల ఒకదానివైపు ఒకటి వంగేలా, త్రికోణంలా వేయండి. అలా వేసి రెండు రాడ్లనీ అడ్డంగా క్రాస్‌లింక్‌తో కలిపితే స్క్రూలు ఊడాలంటే మధ్యలో ఉన్న ఎముకనంతా పెకలించుకుని రావాలి. క్రాస్‌లింక్ వల్ల మెలి తిరగడం బాగా తగ్గుతుంది. ముందుకీ వెనక్కీ వంగడంలో దాని ప్రభావం పెద్దగా ఉండదు. ఒక్క లెవెల్ ఫ్యూజన్‌కి నేను మామూలుగా పెట్టను.

ఇక్కడొక జాగ్రత్త. బిగించేటప్పుడు చేతికి తెలిసే టార్క్ మంచి సూచనే గానీ, దాన్నొక్కదాన్నే నమ్ముకుని స్క్రూ వదులవదని తీర్మానించుకోకండి. అలాగే దారి తప్పితే తీసి, అదే రంధ్రంలో మళ్లీ మళ్లీ తిప్పడం మానుకోండి. గుల్ల ఎముక మొదటిసారి ఇచ్చిన పట్టు రెండోసారి ఇవ్వదు.

ఒక వైపు వేసి ఊరుకోవడం గురించి. ఆపరేషన్ టైము, ఖర్చు, రక్తం అన్నీ తగ్గుతాయి, కాబట్టి ఆశ కలగడం సహజం. కానీ మెకానిక్స్ ఒప్పుకోవు. టీలిఫ్‌లో ఒక వైపు ఫాసెట్ పోయింది, మెలిని ఆపే సహజమైన అడ్డు అక్కడ పోయినట్టే. ఆ వైపు రాడ్ ఉంది, రెండో వైపు ఏమీ లేదు. ఇప్పుడు మనిషి నేరుగా ముందుకి వంగినా పూస నేరుగా కదలదు, రాడ్ లేని వైపు ఎక్కువ తెరుచుకుంటూ మెలి కూడా తిరుగుతుంది. 2006 నాటి కెడావర్ పరీక్షల్లో ఒక వైపు స్క్రూలు, రెండు వైపులా వేస్తే వచ్చే బిగువు లాభంలో దాదాపు సగమే ఇచ్చాయి. ఈ వంకర కదలిక కూడా కనిపించింది. ఎదుటి వైపు ఒక ఫాసెట్ స్క్రూ కలిపితే మాత్రం రెండు వైపులా వేసిన దానికి దగ్గరగా వచ్చింది. ఎముక గట్టిగా ఉన్న నడివయసు మనిషిలో, జారుడు లేనప్పుడు, ఒక వైపు వేసి మంచి ఫలితాలు సాధించినవాళ్లు ఉన్నారు, వాళ్లని తప్పు పట్టను. జారిన పూస, గుల్లబారిన ఎముక, తీసేసిన ఫాసెట్ మూడూ ఒకేచోట ఉన్నప్పుడు మాత్రం ఆ సాహసం వద్దు.

ఫాసెట్ స్క్రూలు, సర్జన్ మాగెర్ల్ 1984లో వివరించిన, లామినా గుండా పోయే ట్రాన్స్‌లామినార్ స్క్రూలు ఒంటిగా వేసేందుకు మీ కేసుకి పనికిరావు. ఫాసెట్, లామినా చెక్కుచెదరకుండా ఉండి, ముందు నుంచి పెద్ద కేజ్ పెట్టినప్పుడు అవి చక్కగా పనిచేస్తాయి.

నేను అన్నింటికన్నా ఎక్కువ పట్టించుకునేది కేజ్‌ని. నిలబడ్డప్పుడు నడుము మీద పడే నిలువు బరువులో సుమారు 80 శాతం ముందు వైపు, అంటే పూస శరీరమూ డిస్కూ మోస్తాయి. డిస్క్ తీసేసి అక్కడ ఏ ఆసరా పెట్టకపోతే వంపు భారమంతా స్క్రూల మీద పడుతుంది. ఏ స్క్రూ అయినా చివరికి అలసిపోతుంది. కేజ్ బాగా కూర్చుంటే స్క్రూకి మిగిలేది కాపలా పని మాత్రమే. ఎండ్‌ప్లేట్ అంతటా ఒకేలా గట్టిగా ఉండదు. మధ్యలో మెత్తన, అంచుల్లో గట్టి, అందులోనూ పెడికల్స్‌కి ఎదురుగా ఉన్న వెనక మూలలు బాగా గట్టివి. చిన్న కేజ్‌ని సరిగ్గా నడిమధ్యన పెడితే గుల్ల ఎముకలో అది కుంగడం ఖాయంగా చూస్తాం. అరటికాయ ఆకారపు కేజ్‌ని అంచు దాకా తిప్పి కూర్చోబెట్టండి, వీలైనంత వెడల్పుది ఎంచుకోండి. ఎత్తు కోసం అత్యాశ పడి బలవంతంగా దూర్చకండి. మృదులాస్థిని గీకేటప్పుడు ఎముక ఎండ్‌ప్లేట్‌ని గాయపరచకండి, గీకే పరికరం (క్యూరెట్) కింద ఎముక మెత్తగా తగిలితే అక్కడే ఆగండి. కేజ్ 3 మి.మీ. కుంగితే అంతదాకా అది మోసిన బరువు స్క్రూ తలకి చేరుతుంది. ఆ తర్వాత కనిపించే నల్ల గీతకి అందరూ స్క్రూనే నిందిస్తారు.

రాడ్ గురించి ఒక మాట. కోబాల్ట్ క్రోమ్ రాడ్ టైటానియం కన్నా దాదాపు రెండింతలు బిగువైనది. బిగువు ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ గొలుసులో బలహీనమైన లింకు ఎముక అయినప్పుడు రాడ్‌ని బిగువు చేస్తే ఒత్తిడి పోయి స్క్రూ-ఎముక హద్దులో పేరుకుంటుంది. ఒక్క లెవెల్‌కి 5.5 మి.మీ. టైటానియం రాడ్ చాలు.

ల్యాబ్ అంకెలు చదివేటప్పుడు అవి ఎలా పుట్టాయో మనసులో ఉంచుకోండి. కెడావర్ నడుము ముక్కకి పైనా కిందా సిమెంట్ దిమ్మెలు పోసి యంత్రంలో బిగిస్తారు. సాధారణంగా 7.5 న్యూటన్ మీటర్ల మొమెంట్‌తో ఆరు దిశల్లో వంచుతారు. ఎండిపోకుండా సెలైన్ చల్లుతూ, ముందు డిస్క్, లిగమెంట్లు అన్నీ ఉన్నప్పుడు, తర్వాత ఫాసెట్ తీశాక, ఆ తర్వాత స్క్రూలు వేశాక ఎంత కదిలిందో కొలుస్తారు. కొన్ని ల్యాబ్‌లు కండరాల బరువుకి బదులుగా 400 న్యూటన్ల ఫాలోయర్ లోడ్ (వెన్ను వంపు వెంట నొక్కే బరువు) ఇస్తాయి. ఇదంతా విలువైన పనే, నేనూ ఆ బల్లల ముందు నిలబడి పనిచేసినవాణ్ణే. కానీ అక్కడ కొలిచేది ఆపరేషన్ అయిన మొదటి రోజు స్థిరత్వం మాత్రమే. కెడావర్ ఎముక మానదు, కలవదు, రోజులు గడిచేకొద్దీ కుళ్లిపోతుంది కాబట్టి లక్షల సైకిళ్లు తిప్పడం కూడా కుదరదు. ఫోమ్ దిమ్మెల్లో చేసిన పులౌట్ (నేరుగా లాగే) పరీక్షల్లో పెడికలే లేదు. కంప్యూటర్ మోడళ్లలో చాలావాటిలో స్క్రూ ఎముకకి అతికించినట్టు ఉంటుంది, సడలడం అన్న మాటే అక్కడ పుట్టదు.

ఇప్పుడు సిమెంట్. ఎముక సాంద్రత చూసే డెక్సా రిపోర్టు మీద ఆధారపడకండి. ఈ వయసులో నడుములో పెరిగిన ముళ్లూ, గట్టిపడిన ఫాసెట్లూ సాంద్రతని ఎక్కువ చేసి చూపిస్తాయి. సీటీ ఎలాగూ తీస్తారు, అందులో ఎల్1 పూస మధ్య స్పాంజి ఎముకలో హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రత చెప్పే అంకె) కొలవండి. 110 లోపు ఉంటే గుల్ల ఎముకేనని గట్టిగా అనుకోవచ్చు, 160 పైన ఉంటే చాలావరకు భయం లేదు. 110కి బాగా కింద ఉంటే రంధ్రాలున్న స్క్రూలోంచి 1 నుంచి 3 మి.లీ. సిమెంట్ పెట్టడం సబబు. సిమెంట్ పని మొన ఊగకుండా పట్టుకోవడం, సరిగ్గా గీరుడు మొదలయ్యే చోటే అడ్డు వేయడం. దానికి రిస్కులున్నాయి. పలచగా ఉన్నప్పుడు తోస్తే సిరల్లోకి పోయి ఊపిరితిత్తులకి చేరుతుంది, వెనక్కి కారితే నరాల మీద పడుతుంది. ముద్దగా అయ్యేదాకా ఆగి, సీ-ఆర్మ్ ఎక్స్‌రే నిరంతరం చూస్తూ మెల్లగా తోయండి, వెనక గోడ వైపు కదిలితే వెంటనే ఆపేయండి.

తొందరపడాల్సిన నరాల సమస్య లేకపోతే ఆపరేషన్‌కి ముందే ఎముక మందు మొదలుపెట్టండి. విటమిన్ డి సరిచేయండి, ఎండోక్రినాలజిస్ట్‌ని కలిపి ఎముకని పెంచే టెరిపరటైడ్ మందు గురించి ఆలోచించండి. ఆపరేషన్‌కి ముందూ తర్వాతా అది వాడినవాళ్లలో స్క్రూలు వదులవడం తగ్గినట్టు అధ్యయనాల్లో కనిపించింది. స్క్రూ డిజైన్ మార్చితే వచ్చే లాభం కన్నా ఎముకని మార్చితే వచ్చే లాభం ఈవిడకి ఎక్కువ.

నేనైతే ఈవిడకి ఇలా చేస్తాను. రెండు వైపులా మామూలు పెడికల్ స్క్రూలు, పెడికల్ ఒప్పుకున్నంత లావు, త్రికోణంగా. అంచు మీద కూర్చునే వెడల్పాటి కేజ్, ముందూ చుట్టూ బాగా గ్రాఫ్ట్ ఎముక. యూనిట్లు బాగా తక్కువైతే సిమెంట్. మీకు సీబీటీలో చేయి తిరిగి ఉండి, పార్స్ నిలిచి ఉండి, 5.5 మి.మీ. స్క్రూ పడుతుందనుకుంటే అదే వేయండి, నాకు అభ్యంతరం లేదు.

తర్వాత 6 నెలలకి ఎక్స్‌రే, ఏడాదికి సన్నని కట్ల సీటీ తీయండి. స్క్రూ చుట్టూ గీత కనిపించగానే కంగారుపడి రివిజన్‌కి పిలవకండి. ముందు కేజ్ లోంచి, దాని చుట్టూ ఎముక పై పూస నుంచి కింది పూస దాకా తెగకుండా సాగిందా చూడండి. సాగి ఉంటే ఆ స్క్రూ తన పని ముగించినట్టే, నొప్పి లేకపోతే అలాగే వదిలేయవచ్చు. సాగకుండా, వంగినప్పుడు తీసిన ఎక్స్‌రేలో కదలిక ఉండి, నొప్పి కూడా ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం. ఆ రివిజన్‌లో కూడా లావుపాటి స్క్రూ వేయడానికి ముందు కేజ్ ఎందుకు కలవలేదో తేల్చాలి.